బల్లగుడ్డలో జనుము పోగు

మయూర్ విహార్, ఢిల్లీ
9 ఆగస్టు 2024

తమ్ముడు ఆమోసుకు,

అక్క మార్త నోటితో చెప్పి రాయిస్తున్నది. మీ ఇద్దరికీ వందనాలు, సలోమి మోకాళ్ళకి ప్రత్యేకంగా.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోనులో నాకు మాట అందేలోపే నువ్వు "సరేలే అక్కా" అని పెట్టేస్తావు. కాగితాన్ని అలా పెట్టెయ్యలేవు. పైగా నువ్వు సంఘపెద్దవి, మీ కమిటీలో కాగితం మీద ఉన్నదానికే విలువ. రాస్తున్నది మా ఎదురు ఫ్లాటు పద్మనాభం గారు. కేంద్ర ప్రభుత్వంలో ఫైళ్ళు రాసి రాసి రిటైరయ్యారు. మా మనవరాలు అనుగ్రహకి ఆస్పత్రి డ్యూటీలతోనే సరి. అందుకని ఈయన్ని పట్టుకున్నాను. చెప్పింది చెప్పినట్టు రాయాలి, నున్నగా చెయ్యకూడదు అన్నది మా ఒప్పందం. మొదలుపెట్టడమే "విషయము" అని గీత గీశారు. కొట్టేయించాను.

విషయం నీకు తెలుసు. పోయిన నెల నువ్వు మన పెదపాలెం చర్చి బల్లగుడ్డని పాత దుప్పట్లో చుట్టి ఇక్కడికి తెచ్చావు. డిసెంబరులో సంఘానికి నూరేళ్ళు నిండుతున్నాయి, ఆ రోజు ప్రభురాత్రి భోజనం బల్ల మీద ఆ గుడ్డే పరవాలి, చూస్తే అది పట్టుకున్న చోటల్లా పిగిలిపోతోంది. అందుకని పాత బట్టలు బాగుచేసే ల్యాబులో ఇచ్చావు. మంచి పనే. కానీ వాళ్ళు ఇది ఎక్కడిదని అడిగితే ఏం రాయించావు? మిషనరీ దొరసానమ్మ గారు తమ దేశం నుంచి ఓడలో తెచ్చిన నారబట్ట అని రాయించావు. నేను పక్కనే నిలబడి కాదన్నాను. నువ్వు నా వంక చూడకుండా సంతకం పెట్టావు. ఇంటికొచ్చాక గట్టిగా అడిగితే, నీకేం తెలుసక్కా అని, నేను కట్టిన పులిహోర పొట్లం అక్కడే వదిలేసి స్టేషనుకి వెళ్ళిపోయావు. అది పద్మనాభం గారు తిన్నారు. బాగుందన్నారు.

నాకేం తెలుసో చెబుతాను. ఆ గుడ్డ మన నాయనమ్మ ఎస్తేరమ్మ చేసింది. అరుగు మీద కాళ్ళు చాపుకుని, చీర మోకాలి పైకి లాక్కుని, తొడ మీద జనుము నార పేనేది. వలలకి తాడు కావాలన్నా, గేదెకి పలుపు కావాలన్నా ఊరంతా ఆవిడ దగ్గరికే వచ్చేవాళ్ళు. బల్లగుడ్డ కోసం పేనే పోగు మాత్రం వేరు. గాలికి ఎగిరిపోయేంత సన్నం. గుడ్డ ఆవిడ ఒళ్ళో ఉండేది, నేను పక్కన కూర్చుని నార చిక్కు తీసేదాన్ని. ఇది ఎవరో చెబితే విన్నది కాదు, కళ్ళారా చూసింది. కాబట్టి ఆ కాగితం మార్పించు. నాయనమ్మ పేరు రాయించు. ఇది అడగడం కాదు, చెప్పడం.

నీకన్నా ముందు పుట్టిన
మార్త (వేలిముద్ర)


పెదపాలెం
21 ఆగస్టు 2024

ప్రియమైన అక్కయ్యకు,

ఆమోసు వందనములు. ప్రభువు కృప వలన అందరం క్షేమం. మొన్నటి గాలివానకు చర్చి వెనుక వసారా రేకులు లేచిపోయాయి. వాటి పనిలో ఉండి జవాబు ఆలస్యమైంది.

నీ ఉత్తరం వచ్చిన సమయానికి పాస్టరు గారు మా ఇంట్లోనే ఉన్నారు. ఢిల్లీ నుంచి ఏమిటని అడిగితే ఆయన ముందే చదవవలసి వచ్చింది. "అడగడం కాదు, చెప్పడం" అన్న చోట ఆయన గోడ వైపు తిరిగారు. నవ్వారని నాకు తెలుసు.

అక్కయ్యా, మన ఇంట్లో ఏనాడైనా మగ్గం ఉందా? మగ్గం లేకుండా బట్ట ఎక్కడి నుంచి వస్తుంది? నాయనమ్మ తాళ్ళు పేనేది, నిజమే. నీకు అప్పుడు ఊహ తెలిసీ తెలియని వయసు. ఆవిడ ఒళ్ళో ఏ గోనెపట్టానో చూసి బల్లగుడ్డ అనుకుని ఉంటావు. ఆ గుడ్డ దొరసానమ్మ గారిదని సంఘంలో పుట్టిన ప్రతి బిడ్డకూ తెలుసు.

ల్యాబు వారు ఉత్తరం రాశారు. గుడ్డ నిండా చిరిగిన చోటల్లా పోగుతో అల్లిన ముతక రఫ్ఫులు ఉన్నాయట. అవి మిషనరీలు పెట్టిన కుట్టుబడిలో ఆడపిల్లలు పని నేర్చుకుంటూ వేసినవని నాన్న చెప్పేవారు. రఫ్ఫుల్ని అలాగే ఉంచి కాపాడవచ్చు, లేదా విప్పేసి ఆ ఖాళీల్లో అదే రంగు కొత్త లినెన్ అతకవచ్చు, మీ ఇష్టం అన్నారు. విప్పితే గుడ్డ తెల్లగా, చదునుగా, దొరసానమ్మ గారు తెచ్చిన నాటిలా వస్తుంది గనుక అలాగే చేయించాలని కమిటీ తీర్మానం చేసింది. అనుమతి పత్రం మీద నేను సంతకం పెట్టాలి.

ఇంకొకటి. ఏళ్ళ తరబడి గంజి పెట్టడం వల్లే గుడ్డకు పురుగు పట్టిందని అదే ఉత్తరంలో ఉంది. గంజి పెట్టేది సలోమి. ఆ మాట నువ్వు రాయించావని తన నమ్మకం. నాకు చారన్నంతో సరిపెడుతోంది. నీ మరదలితో నువ్వే మాట్లాడుకో.

దయచేసి ఆ ల్యాబుకు వెళ్ళవద్దు. నలుగురిలో పెద్దగా ఉన్నవాడిని.

నీ తమ్ముడు
ఆమోసు


మయూర్ విహార్, ఢిల్లీ
17 సెప్టెంబరు 2024

ఆమోసుకు,

వెళ్ళాను.

ముందు సలోమికి చదివి వినిపించు: గంజి మాట నేను చెప్పలేదమ్మా. పురుక్కి గంజి రుచి అని అక్కడి అమ్మాయి చెబితే నాకూ అప్పుడే తెలిసింది. మా తమ్ముడికి కూర పెట్టు, లేకపోతే ఇంకా మొండికేస్తాడు.

అనుగ్రహ సెలవు పెట్టి మెట్రోలో తీసుకెళ్ళింది. ఒకాయన "బైఠియే దాదీ" అని లేచి చోటిచ్చాడు. జుట్టు నెరిసిన మనిషి, నన్ను దాదీ అంటాడు. కూర్చోకూడదనే అనుకున్నాను, కానీ కాళ్ళు ఒప్పుకోలేదు. పద్మనాభం గారు ఇది అవసరమా అంటున్నారు. అవసరమే, రాయండి.

ల్యాబులో గుడ్డ చూసే అమ్మాయి పేరు ఇషిత. ఇందిరాపురంలో పుట్టి పెరిగిన తెలుగుపిల్ల. నేను తెలుగులో అడుగుతాను, తను హిందీలో చెబుతుంది. ఇన్నేళ్ళు ఇక్కడున్నాను కాబట్టి ఇద్దరికీ సరిపోయింది. గుడ్డని ఆసుపత్రిలో రోగిని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టింది. నేను చెయ్యి చాచానో లేదో, "అమ్మమ్మా, హాథ్ మత్ లగానా" అంది. నన్ను అలా గదమాయించినవాళ్ళు ఈ మధ్య ఎవరూ లేరు. నచ్చింది.

నా వాదన మొత్తం చెప్పాను. మాటెందుకు, చూద్దాం అంది. గుడ్డ మధ్యలో ఊడి వేలాడుతున్న పీచుని చిన్న పట్టకారుతో తీసి గాజుపలక మీద పెట్టి, సూక్ష్మదర్శిని కింద చూస్తే ఎదురుగా తెర మీద పెద్దగా కనిపించింది. సన్నటి వెదురు బొంగులా కణుపులు కణుపులుగా ఉంది. ఇది అవిసె నార, లినెన్ అంటే ఇదే అంది. అంచు దగ్గర కూడా తియ్యమన్నాను. అదే. మూల దగ్గర కూడా తియ్యమన్నాను. అదే.

సరే. గుడ్డ దొరసానమ్మదే. మగ్గం మాట నువ్వన్నదే నిజం. ఇక్కడ పద్మనాభం గారు కలం ఆపి నా వంక చూశారు. ఉన్నది రాయడానికి నాకేం భయం, రాయండి అన్నాను.

కానీ నాయనమ్మ ఒళ్ళో నేను చూసింది గోనెపట్టా కాదు. అప్పుడు ఇషితకి ఒక రఫ్ఫు చూపించి, ఇదేమిటో కూడా చూడమన్నాను. అందులోంచి వచ్చిన పీచు వేరే రకం. లోపలి బోలు వెడల్పు, పైన బెరడు తునకలు అంటుకుని ఉన్నాయి. తన దగ్గర డబ్బాల్లో రకరకాల నారలు ఉంటాయి, వాటి పక్కన పెట్టి ఒక్కొక్కటే పోల్చుకుంటూ వచ్చింది. జనుము దగ్గర ఆగింది. అనుగ్రహని అడుగు.

తరవాత గుడ్డ ఫొటో తీసి, కంప్యూటరులో రఫ్ఫు ఉన్న చోటల్లా ఎర్రరంగు పూసింది. ఆమోసూ, తెర ఎర్రబడిపోయింది. తెలుపు అక్కడక్కడ మిగిలింది. మీరు దొరసానమ్మ గుడ్డ అని పరుచుకుంటున్నదాంట్లో మన ఊరి పొలం గట్ల మీద మొలిచినదే ఎక్కువ. కుట్టుబడి పిల్లలకి మిషను దారపుండలు ఇచ్చేది. జనుము ఎవరిచ్చారు?

దాచకుండా ఇంకో మాట చెప్పాలి. జనుము బిరుసు, లినెన్ మెత్తన. గుడ్డని ఎత్తినా మడిచినా రఫ్ఫు పక్క పోగుల్ని లాగి తెంపుతుందట. రఫ్ఫులు ఉంచాలంటే కింద ఆధారంగా ఇంకో బట్ట వేసి కుట్టి, గాజుపెట్టెలో చదునుగా పెట్టెయ్యాలి. ఇంక బల్ల మీద పరవకూడదు. నేను అదే మేలంటాను. విప్పేస్తే మిగిలేది చిల్లులు. సంతకం పెట్టకు.

నీ అక్షరాలు అచ్చేసినట్టు ఉంటాయని పద్మనాభం గారు మెచ్చుకున్నారు. ఈ రోజుల్లో సిరా కలంతో రాసేవాళ్ళు ఉన్నారా అన్నారు. మా తమ్ముడు ఉన్నాడన్నాను.

మార్త (వేలిముద్ర)


పెదపాలెం
5 అక్టోబరు 2024

అక్కయ్యకు,

సంతకం పెట్టాను. ఈ ఉదయమే స్పీడుపోస్టులో పంపాను.

కోపం తెచ్చుకోకుండా చదివించుకో. జనుము అన్నావు, ఒప్పుకుంటాను. ఆ రోజుల్లో పాలెంలో జనుము లేని ఇల్లు ఏది? వల అల్లని చెయ్యి ఏది? నారను బట్టి నాయనమ్మ పని అనేటట్టయితే ప్రతి ఇంటి ముసలమ్మ పనీ అనవచ్చు.

నువ్వు వెళ్ళి వచ్చాక ల్యాబు నుంచి పాస్టరు గారికి ఫోను వచ్చింది. గుడ్డ సంఘానిదా, లేక ఒక కుటుంబానిదా అని అడిగారట. ఆయన కమిటీలో ఆ మాట యథాతథంగా చెప్పారు. బసవపున్నయ్య గారబ్బాయి రవికిరణ్ అందరి ముందూ నవ్వుతూ, "పెద్దాయన అక్కగారు బల్లగుడ్డ మీద పట్టా పుట్టించుకుంటున్నారండీ" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక అన్నం సహించలేదు.

నువ్వు గాజుపెట్టె అంటున్నావు. నూరేళ్ళ పండుగకు వచ్చిన వాళ్ళు బోసి బల్ల చూడాలా? నేను పెద్దగా ఉన్న కాలంలో బల్లగుడ్డ బల్ల మీది నుంచి వెళ్ళిపోయిందని చెప్పుకోవాలా? నువ్వే రాయించావు, ఆ రఫ్ఫులు గుడ్డను తెంపుతున్నాయని. తెంపేదాన్ని తీసెయ్యమనడం తప్పెలా అవుతుంది?

నీకు నాయనమ్మ పేరు కావాలి. నాకు గుడ్డ కావాలి. దీని గురించి ఇక రాయవద్దు.

ఆమోసు


మయూర్ విహార్, ఢిల్లీ
24 అక్టోబరు 2024

ఆమోసుకు,

రాయవద్దన్నావు. నాకు రాయడం రాదు, కాబట్టి నీ మాట జవదాటినట్టు కాదు. చెబుతున్నాను. రాసే పాపం పద్మనాభం గారిది.

పట్టా మాట ముందు. ల్యాబువాళ్ళు అడిగితే నేను ఏం చెప్పానో ఇషిత సాక్షి. గుడ్డ సంఘానిది, మా ఇంటిది కాదు, ఎప్పుడూ కాదు అన్నాను. రవికిరణ్‌కి ఇది చదివి వినిపించు. ఆ పిల్లాడు పుట్టినప్పుడు నీళ్ళు పోసింది నేను, ఎంతలా నవ్వుతాడో నాకు తెలుసు.

నీ సంతకం కాగితం వచ్చింది. ఇషిత వెంటనే కత్తెర తియ్యలేదు. విప్పే ముందు ప్రతి రఫ్ఫుకీ బొమ్మ తీసి, పోగుకి పురి ఎటు తిరిగి ఉందో రాసిపెట్టుకోవడం వాళ్ళ పద్ధతట. అలా చూసుకుంటూ పోతుంటే ఒక సంగతి పట్టుకుంది. తన దగ్గరున్న జనుము తాళ్ళన్నిటికీ పురి ఒక వైపు తిరిగి ఉంటే, మన గుడ్డలో జనుము పోగులకి ఎదురు వైపు తిరిగి ఉంది. ఒకటీ అరా కాదు, దాదాపు అన్నీ. అర్థంకాక నాకు ఫోను చేసింది. "అమ్మమ్మా, మీ నాయనమ్మ ఎలా పేనేవారో చూపిస్తారా?" అని. ఈ ముక్క తెలుగులోనే అడిగింది. ఎంతసేపు కూడబలుక్కుందో పాపం.

ఆ చల్లటి గదిలో నేల మీద కూర్చుని, చీర మోకాలి పైకి లాక్కుని, తను ఇచ్చిన జనుము పీచు తీసుకుని పేనాను. మా చిన్నప్పుడు ఆవిడని చూసి నేర్చుకున్నట్టే, ఎడమ తొడ మీద, ఎడమచేత్తో. ఆ పోగుని గుడ్డలో పోగు పక్కన పెట్టి చూసింది. పురి ఒకటే. తను కుడిచేత్తో పేని చూసింది. ఎదురు తిరిగింది. "ఆప్ లెఫ్టీ హై?" అంది. పుట్టినప్పటి నుంచీ అన్నాను. మా నాయనమ్మ కూడా అన్నాను.

నాలుగైదు రఫ్ఫులు మాత్రం పత్తి దారంతో, మామూలు పురితో ఉన్నాయి. అవి కుట్టుబడి పిల్లలవే అయి ఉంటాయి. నాన్న చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. కానీ ఎర్రరంగు పూసిందంతా ఎవరిదో నాన్నకి తెలుసు. ఎడమచేత్తో కుట్టినదాని మీద రొట్టె పెడుతున్నారంటే జనం ఊరుకోరని నాయనమ్మ పేరు మింగేశాడని నా అనుమానం. నిరూపించలేను. కానీ ఆ ఇంట్లో ఎడమచెయ్యి అంటే ఎలా ఉండేదో నీకు చెప్పక్కర్లేదు.

నన్ను బడికే పంపలేదు కాబట్టి నా చెయ్యి జోలికి ఎవరూ రాలేదు. నువ్వు మగపిల్లాడివి, పలక పట్టాలి. పలక ఎడమచేత్తో పట్టావని నాన్న రోజూ పొద్దున్న నీ ఎడమచెయ్యి నడుముకి జనుము తాడుతో కట్టి వెళ్ళేవాడు. ఆయన సైకిలు మలుపు తిరగ్గానే నాయనమ్మ ముడి విప్పేది. సాయంత్రం బెల్లు వినపడగానే మళ్ళీ కట్టేది, నాన్న వేసిన ముడిలాగే. నువ్వు ఏడిస్తే మణికట్టు మీద నూనె రాసేది. ఆ తాడూ ఆవిడ పేనినదే. కొడుక్కి తాడు లేదనలేక పేని ఇచ్చేది, మనవడి కోసం విప్పేది.

ఇదంతా గుర్తుందా అని అడగను. ఆవిడ రఫ్ఫులు విప్పమని సంతకం పెట్టిన చెయ్యి ఏది అని అడుగుతున్నాను. అంతే.

ఇషిత చేతిలో వేరే పని ఉంది. నవంబరు పదిహేను దాకా మన గుడ్డ జోలికి వెళ్ళనంది. ఆ తరవాత తన చేతిలో లేదు, నీ కాగితం ఎలా చెబితే అలా చేస్తుంది.

మార్త (వేలిముద్ర)


పెదపాలెం
8 నవంబరు 2024

అక్కా,

ఈ ఉత్తరం రాయడానికి చాలాసేపు పట్టింది. పద్మనాభం గారికి చదవడం కష్టమైతే క్షమించమను. నిదానంగా చదవమను.

కమిటీలో నీ ఉత్తరం నేనే చదివాను. తాడు సంగతి వదిలేద్దామనుకున్నాను. వదల్లేదు. రవికిరణ్ నవ్వలేదు. సలోమికి పెళ్ళైన ఇన్నేళ్ళకు ఇప్పుడు తెలిసింది. ఎన్నాళ్ళుగానో పొరపాటున ఎడమచేత్తో గ్లాసు అందుకుని చెయ్యి మార్చుకుంటూ ఉంటే ఇదేమి అలవాటు అనుకునేదట.

బల్ల దగ్గర రొట్టె ఇచ్చేటప్పుడు నా ఎడమచెయ్యి ఎప్పుడూ వెనక్కి పెట్టుకుంటాను. అది మర్యాద అనుకునేవాళ్ళు అందరూ. నేను కూడా అనుకున్నాను.

రఫ్ఫులు విప్పవద్దని, ఆధారం బట్ట వేసి గాజుపెట్టెకు సిద్ధం చెయ్యమని కొత్త కాగితం రాసి ల్యాబుకు పంపాను. కమిటీ ఒప్పుకుంది. పాస్టరు గారు పెట్టెకు చోటు చూశారు. పెట్టె మీద ఏం రాయాలో నువ్వు చెప్పు. బల్ల మీద ఏం వెయ్యాలో కూడా చెప్పు. నాకు తోచడం లేదు.

ఆమోసు


మయూర్ విహార్, ఢిల్లీ
16 నవంబరు 2024

ఆమోసుకు,

ఇక్కడ పొగకి ఎదురు బ్లాకు కనపడటం లేదు. అనుగ్రహ నన్ను కిటికీ తెరవనివ్వదు. పద్మనాభం గారు మూతికి మాస్కు కట్టుకుని వచ్చి రాస్తున్నారు. నా మాట ఆయనకీ, ఆయన మాట నాకూ సరిగా వినపడక ఒకరి మీద ఒకరం కేకలేసుకుంటున్నాం.

పెట్టె మీద ఇలా రాయించు: దొరసానమ్మ గారు తెచ్చిన లినెన్ గుడ్డ, పెదపాలెం ఎస్తేరమ్మ ఎడమచేత్తో జనుము పేని రఫ్ఫు చేసి నిలబెట్టినది, కుట్టుబడి ఆడపిల్లలు కూడా ఓ చెయ్యి వేశారు. ఆ పిల్లల్ని మరిచిపోవద్దని ఇషిత అంది. న్యాయమే కదా అని కలిపాను. దొరసానమ్మ పేరు ముందే ఉండనీ. లేని గుడ్డకి రఫ్ఫు ఎవరు వేస్తారు.

బల్ల సంగతికి బెంగపడకు. లక్ష్మీనగర్‌లో తెల్లటి నూలుబట్ట తీసుకున్నాను. అనుగ్రహ సూదిలో దారం ఎక్కించి పెడుతుంటే అంచు నేనే కుట్టాను. నిన్న పార్శిలు చేశాం. దీన్ని దాచుకోవద్దు. వాడండి, ఉతకండి, చిరిగితే కుట్టండి. గంజి సలోమినే పెట్టమను, తనకి ఎంత ఇష్టమైతే అంత. పండుగనాడు రొట్టె ఏ చేత్తో ఇస్తావో నేను అడగను.

నీ ఉత్తరం సంగతి చెప్పాలి. కవరు విప్పగానే పద్మనాభం గారు మొహం చిట్లించారు. ఇది మీ తమ్ముడు గారి దస్తూరీ కాదండీ, ఎవరో ఒకటో తరగతి పిల్లాడు రాసినట్టుంది, అక్షరాలు వెనక్కి పడిపోతున్నాయి, సిరా అంతా అలికేశారు అన్నారు. ఇటివ్వండి అని లాక్కున్నాను. నాకు ఒక్క అక్షరం రాదు. కానీ ప్రతి వరసలోనూ రాసిన మాట మీదుగా చెయ్యి ఈడ్చుకుంటూ పోయిన మరక ఉంది. ఎడమ నుంచి కుడికి, తడి ఆరకముందే. అలా అలికే చెయ్యి ఏదో నాకు ఎవరూ చదివి చెప్పక్కర్లేదు. నాకొచ్చిన ఉత్తరాల్లో నేను చదువుకున్నది ఇదొక్కటే.

నీ కొత్త కాగితం కూడా ల్యాబుకి చేరింది. ఇషిత నన్ను పిలిచి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. మొదటిది అచ్చేసినట్టు ఉంది, రెండోది వంకరటింకరగా ఉంది, రెండు సంతకాలూ కలవడం లేదు, వీటిలో మీ తమ్ముడి అసలు సంతకం ఏది అమ్మమ్మా అని అడిగింది.

అలికినది అని చెప్పాను.

అక్క
మార్త (వేలిముద్ర)